ఐఫోన్ 13 నుంచి మారాలి: 17 సరిపోతుందా, 17 ప్రోకి వెళ్లాలా? (బెంగళూరు)

కుప్పం_ప్యాసింజర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫోన్ మార్చక తప్పేలా లేదు, మీ సలహా కావాలి.

ఇప్పుడున్నది ఐఫోన్ 13, 128 జీబీ. బ్యాటరీ హెల్త్ 78 శాతం. మధ్యాహ్నం రెండింటికల్లా చార్జింగ్ 20కి దిగుతోంది. స్టోరేజీలో 5 జీబీ కూడా మిగల్లేదు. చూస్తున్నవి రెండు: ఐఫోన్ 17 (256 జీబీ, విడుదల ధర ₹82,900), 17 ప్రో (256 జీబీ, ₹1,34,900). తేడా అక్షరాలా యాభై రెండు వేలు.

వాడకం ఇలా ఉంటుంది. పాప కూచిపూడి నేర్చుకుంటోంది. ఏడాదికి నాలుగైదు ప్రోగ్రాములు, స్కూల్ యాన్యువల్ డే. మనకు దొరికే సీటు నుంచి స్టేజీ సుమారు 20 మీటర్లు. రోజూ స్కూటర్ మీద మారతహళ్లి నుంచి బెళ్లందూరు, హ్యాండిల్‌కి హోల్డర్ పెట్టి మ్యాప్స్. మిగతాది మెయిల్, మీటింగులు, యూపీఐ, ఓటీపీలు. గేమ్స్ ఆడను. వీడియోలు నెలకోసారి విండోస్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తాను, అది సగంలో ఆగిపోవడం కూడా ఒక తలనొప్పి.

కొన్నది నాలుగేళ్లు వాడాలి. షాపులో అయితే "ప్రో తీసుకోండి సార్, ఎక్కువ కాలం వస్తుంది" అంటున్నారు. శాంసంగ్ అయినా అభ్యంతరం లేదు. ఇంకోటి, డాలస్ నుంచి బావమరిది వస్తున్నాడు, అక్కడి నుంచి తెప్పించుకోవడం మేలా?

లెన్స్_లెక్కలు

ముందు ఏవి ఒకటే అన్నది చెప్పుకుంటే ఆ 52 వేలు దేనికో తేలుతుంది. 17, 17 ప్రో రెండిటికీ 6.3 అంగుళాల స్క్రీనే, రెండూ 120 హెర్ట్జ్ (తెర సెకనుకి 120 సార్లు మారుతుంది), ఎండలో రెండిటి వెలుగూ 3000 నిట్స్, ముందు కెమెరా 18 మెగాపిక్సెల్, మొదలయ్యే స్టోరేజీ 256 జీబీ. 16 వరకు మామూలు మోడల్ స్క్రీన్ 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది, దానికోసమే ప్రోకి వెళ్లినవాళ్లు చాలామంది. 17తో ఆ కారణం పోయింది.

కాబట్టి మీరు అదనంగా డబ్బు పెట్టేది వీటికి: టెలిఫోటో (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా తీసే) కెమెరా, కొంచెం పెద్ద మెయిన్ సెన్సర్, 8కి బదులు 12 జీబీ ర్యామ్, వేడిని పంచే వేపర్ చాంబర్, వేగమైన యూఎస్‌బీ, ప్రోరెస్ (ఎడిటింగ్ చేసేవాళ్లు వాడే భారీ వీడియో ఫార్మాట్) లాంటి వీడియో సదుపాయాలు. మీ వాడకంలో వీటిలో నిజంగా పని ఉన్నది టెలిఫోటోకే. దాన్నే లెక్క కడదాం.

17లో నమ్మదగిన జూమ్ 2ఎక్స్, అంటే 52 మి.మీ. (కటకం ఫోకల్ లెంగ్త్, ఈ అంకె పెరిగేకొద్దీ బొమ్మ దగ్గరవుతుంది). ఆ పైన 10ఎక్స్ దాకా వేలితో లాగొచ్చు గానీ అది ఉన్న బొమ్మను సాగదీయడమే. ప్రోలో 4ఎక్స్ (100 మి.మీ.) కి వేరే కటకం, దాని వెనక 48 మెగాపిక్సెల్ సెన్సర్. ఆ సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే తీసుకుంటే 8ఎక్స్ (200 మి.మీ.), 12 మెగాపిక్సెల్ ఫోటో.

స్టేజీ 20 మీటర్ల దూరంలో ఉంటే, ఫోన్ అడ్డంగా పట్టుకున్నప్పుడు ఫ్రేములో పట్టే వెడల్పు 2ఎక్స్‌లో సుమారు 13 మీటర్లు, 4ఎక్స్‌లో 7, 8ఎక్స్‌లో 3.5. అంటే 2ఎక్స్‌లో స్టేజీ మొత్తం, పక్కనున్న స్పీకర్లు, కర్టెన్ తాళ్లు కూడా పడతాయి. పాప ఎత్తు 1.2 మీటర్లు అనుకుంటే తల సుమారు 20 సెంటీమీటర్లు. 12 మెగాపిక్సెల్ ఫోటోలో ఆ తలకి దక్కేది 2ఎక్స్‌లో 60 పిక్సెల్స్ ఎత్తు, 8ఎక్స్‌లో 230. అరవై పిక్సెల్స్‌లో కళ్లకి పెట్టిన కాటుక కనబడదు, కళ్లు ఎటు తిప్పిందో కూడా తెలియదు. కూచిపూడిలో అసలు అదే కదా చూడాల్సింది. 230లో అభినయం పడుతుంది.

కానీ దీనికి రెండు అడ్డంకులున్నాయి. టెలిఫోటో ఎపర్చర్ (కటకంలో వెలుగు వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ) ఎఫ్/2.8. 17 మెయిన్ కెమెరాది ఎఫ్/1.6. అంటే ఎపర్చర్ వరకే చూసినా టెలిఫోటోకి వచ్చే వెలుగు మూడో వంతు. సెన్సర్ కూడా చిన్నదే. లైటింగ్ బాగున్న ఆడిటోరియంలో ఫర్వాలేదు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో రెండు ట్యూబ్‌లైట్ల కింద ప్రోగ్రామ్ అయితే ఫోన్ తనంతట తానే టెలిఫోటోని పక్కన పెట్టేసి మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి ఇస్తుంది. స్క్రీన్ మీద 4ఎక్స్ అనే ఉంటుంది, కొన్న కటకం మాత్రం ఖాళీగా కూర్చుంటుంది.

రెండోది దూరం. 20 మీటర్ల నుంచి 4ఎక్స్‌లో పట్టే ఫ్రేమే, 10 మీటర్ల నుంచి 2ఎక్స్‌లో పడుతుంది. నడవా పక్క సీటు దొరికి, పాప ఐటమ్ వచ్చినప్పుడు పది మీటర్లు ముందుకెళ్లి కూర్చోగలిగితే 17తోనే సగం పని అయిపోతుంది.

నిర్ణయం ఊహ మీద వద్దు. మీ 13లో పోయిన ఏడాది ప్రోగ్రామ్ ఫోటోలు తెరవండి. ఒక్కో ఫోటోని పైకి తోస్తే కింద కెమెరా పేరు, మి.మీ. అంకె కనిపిస్తాయి. 26 అంటే జూమ్ చేయలేదు. 52 అంటే 2ఎక్స్. 13లో జూమ్ 5ఎక్స్ దాకా ఉంది కాబట్టి 130 వరకు చూపించవచ్చు. వంద ఫోటోల్లో 80 పైన అంకెలు ఎన్నున్నాయో లెక్కపెట్టి రాయండి. పదో పదిహేనో ఉంటే 17 తీసుకుని 52 వేలు ఉంచుకోండి. సగం దాటితే మళ్లీ మాట్లాడుకుందాం.

పాతదే_మేలు

అసలు 13కి కొత్త బ్యాటరీ వేయిస్తే? 80 శాతం కిందికి దిగింది కాబట్టి మార్చాల్సిందే, మారిస్తే రోజంతా వస్తుంది. ఐఓఎస్ 26 కూడా 13కి వచ్చింది. కొనే నిర్ణయం ఆర్నెల్లు వాయిదా పడినా నష్టం లేదు. స్టోరేజీకి అయితే ఇది మందు కాదు, అది ఒప్పుకుంటాను.

ఓఆర్ఆర్_రైడర్

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది: ఆ హ్యాండిల్ హోల్డర్. ఏ మోడల్ కొన్నా ముందు దాని సంగతి చూడండి.

ఫోన్ కెమెరాలో చేతి వణుకు సర్దడానికి కటకమో సెన్సరో అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది. ఫోన్ కదలికని పసిగట్టే జైరోస్కోప్ చెప్పినట్టు అది అటూ ఇటూ కదులుతుంది. ఇంజిన్ నుంచి హ్యాండిల్‌కి వచ్చే సన్నటి అదురు గంటలకొద్దీ తగిలితే ఆ అమరిక దెబ్బతింటుంది. 2021లో ఆపిల్ తన సపోర్ట్ పేజీలోనే ఈ సంగతి రాసింది. పెద్ద ఇంజిన్ మోటార్ సైకిళ్లకి ఫోన్ నేరుగా బిగించొద్దని, స్కూటర్లు మోపెడ్లకి అయితే అదురు తగ్గించే మౌంట్ వాడమని. ప్రోలో టెలిఫోటోకి కూడా ఇలా తేలే అమరిక ఉంది. అంటే హోల్డర్‌లో పాడవడానికి ఒక భాగం అదనం, అదీ మీరు 52 వేలు పెట్టి కొంటున్న భాగమే.

దెబ్బతింటే ఎలా తెలుస్తుందంటే, కెమెరా తెరవగానే బొమ్మ జెల్లీలా ఊగుతుంది, ఫోకస్ వెనక్కీ ముందుకీ వెతుక్కుంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే కెమెరా దగ్గర గుర్రుమన్న శబ్దం వినిపిస్తుంది. అప్పుడిక కెమెరా మాడ్యూల్ మార్చడమే.

నా సలహా: 13ని ఎక్స్చేంజ్‌కి ఇవ్వకండి. దాన్నే స్కూటర్ ఫోన్ చేసేయండి. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో బెంగళూరు దించుకుంటే సిమ్ లేకుండానే దారి చెబుతుంది. ట్రాఫిక్ రంగులు కావాలంటే జేబులో ఉన్న కొత్త ఫోన్ హాట్‌స్పాట్ చాలు. 13 మెయిన్ కెమెరా కూడా తేలేదే, కానీ అది పోయినా మీకు నష్టం లేదు కదా.

వేడి గురించి కూడా. ఆపిల్ చెప్పే వాడక ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నం నల్లటి కేసులో ఎండకి, పూర్తి వెలుగుతో, చార్జింగ్ కూడా పెట్టి మ్యాప్స్ నడిపితే ఏ ఫోన్ అయినా స్క్రీన్ మసకబారుస్తుంది, చార్జింగ్ ఆపేస్తుంది. ప్రోలోని వేపర్ చాంబర్ ప్రాసెసర్ పుట్టించే వేడిని ఒళ్లంతా పంచుతుంది. నెత్తిన పడే ఎండకి అది చేసేదేమీ లేదు. వానాకాలంలో తడిసిన పోర్టులో కేబుల్ పెట్టకండి. ఐపీ68 అంటే నీళ్లు లోపలికి రావని, తడి పోర్టులో కరెంటు పెట్టొచ్చని కాదు. తడి ఉందని హెచ్చరిక వస్తే పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి, గాలి తగిలే చోట అరగంట వదిలేయండి.

నాలుగేళ్ల_ప్లాన్

షాపువాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ర్యామ్ 12 జీబీ ఉంటే నాలుగేళ్ల తర్వాత తేడా తెలుస్తుంది. నాలుగేళ్లు వాడేవాళ్లు ప్రో తీసుకోవడమే మంచిది.

లెన్స్_లెక్కలు

@నాలుగేళ్ల_ప్లాన్, అప్‌డేట్స్ విషయంలో చరిత్ర చూద్దాం. 2017లో వచ్చిన ఐఫోన్ 8, అంతకంటే ఎంతో ఖరీదైన టెన్ రెండూ ఐఓఎస్ 16 దగ్గరే ఆగాయి. 2018లో చవకైన ఎక్స్ఆర్, ఖరీదైన ఎక్స్ఎస్ రెండిటికీ ఐఓఎస్ 26 రాలేదు. ఒకే ఏడాది పుట్టినవి ఒకేసారి రిటైర్ అయ్యాయి.

అయితే మీ మాటకి బలమైన ఉదాహరణ ఒకటుంది, అదీ చెప్పాలి. 15లో 6 జీబీ ర్యామ్, 15 ప్రోలో 8. ఆపిల్ ఇంటెలిజెన్స్ (ఆపిల్ ఏఐ సదుపాయాలు) వచ్చినప్పుడు 15 ప్రోకి ఇచ్చారు, 15కి ఇవ్వలేదు. కొన్న ఏడాదికే మామూలు మోడల్ ఒక మెట్టు కింద ఉండిపోయింది. 17లో 8 జీబీ ఉంది కాబట్టి ఇప్పుడున్న సదుపాయాలన్నీ వస్తాయి. రేపు వచ్చేదానికి 12 అడుగుతారేమో అన్న భయానికి 52 వేలు కట్టాలా అన్నదే ప్రశ్న. మెయిల్, యూపీఐ, మీటింగులకి అయితే కట్టక్కర్లేదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. 52 వేలని 48 నెలలకి పంచితే నెలకి ₹1,083. ఆ డబ్బు చేతిలో ఉంటే మూడో ఏడే కొత్త మామూలు మోడల్‌కి మారొచ్చు.

బ్యాటరీ కూడా ప్రో వైపు వాదన కాదు. 15 నుంచి అన్ని మోడళ్లూ 1000 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యాక 80 శాతం నిలిచేలా చేసినవే. 14 వరకు ఆ లెక్క 500. మీ 13 నాలుగేళ్లలో 78కి వచ్చిందంటే అది మామూలే. కొత్తది ఏదైనా ఆ విషయంలో మెరుగే. ఇంకో మాట: యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల ప్రో బ్యాటరీ పరీక్షలు చూసి మురిసిపోకండి. అక్కడి ప్రోలో సిమ్ ట్రే లేదు, ఆ చోట్లో పెద్ద బ్యాటరీ పెట్టారు. మన దగ్గర అమ్మేదానికి ట్రే ఉంది, బ్యాటరీ ఆ మేరకు చిన్నది.

గెలాక్సీ_గుమ్మం

శాంసంగ్ కూడా అన్నారు కాబట్టి: ఎస్25 (12 జీబీ ర్యామ్/256 జీబీ స్టోరేజీ, విడుదల ధర ₹80,999), ఎస్25 అల్ట్రా (12/256, ₹1,29,999). ఇక్కడ తేడా వేరే చోట ఉంది. ర్యామ్ రెండిటికీ 12. ప్రాసెసర్ ఒకటే, ఏడేళ్ల అప్‌డేట్స్ రెండిటికీ. మామూలు ఎస్25కే 3ఎక్స్ టెలిఫోటో ఉంది. వినడానికి చాలా బాగుంటుంది. కానీ అది 10 మెగాపిక్సెల్ చిన్న సెన్సర్. పై లెక్కే వేస్తే 20 మీటర్ల దూరంలో తలకి వచ్చేది 70 పిక్సెల్స్, ఐఫోన్ 17 ఇచ్చే 60 కంటే పెద్ద మెరుగేమీ కాదు. స్టేజీకి పనికొచ్చేది అల్ట్రాలోని 5ఎక్స్, 50 మెగాపిక్సెల్‌దే.

అల్ట్రా తీసుకోవడానికి ఇంకో మంచి కారణం దాని గాజు. కిటికీ, ట్యూబ్‌లైట్ ప్రతిబింబాలు బాగా తగ్గుతాయి. ఎండలో మ్యాప్ చదవడానికి నిట్స్ కంటే అదే ఎక్కువ ఉపయోగం. వద్దనడానికి కారణం బరువు: 218 గ్రాములు, 6.9 అంగుళాలు. ఎస్25 అయితే 162 గ్రాములు. ఎస్25 బలహీనత బ్యాటరీ, 4000 ఎంఏహెచ్, చార్జింగ్ 25 వాట్లు. అల్ట్రాకి 5000, 45 వాట్లు. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోందని బాధపడేవాళ్లకి ఎస్25 నేను చెప్పను.

ఐఫోన్ నుంచి మారితే వాట్సాప్ చాట్స్ కోసం కొత్త ఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే లైట్నింగ్ నుంచి యూఎస్‌బీ-సి కేబుల్‌తో రెండిటినీ కలపాలి. సెటప్ దాటేస్తే మళ్లీ ఫ్యాక్టరీ రీసెట్ చేయాల్సిందే. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

కుప్పం_ప్యాసింజర్

అందరికీ ధన్యవాదాలు. లెన్స్_లెక్కలు గారూ, లెక్కపెట్టాను. గత మూడు ప్రోగ్రాముల్లో 140 ఫోటోలు, 80 మి.మీ. పైన ఉన్నవి 96. అందులో చాలావరకు 130 దగ్గరే ఉన్నాయి. మూడిట్లో రెండు మంచి ఆడిటోరియాలు, ఒకటి స్కూల్ గ్రౌండ్‌లో రాత్రిపూట. నడవా పక్కకి జరగడం కుదరదు, వాలంటీర్లు లేవనివ్వరు. 13ని స్కూటర్‌కి ఉంచాలన్న మాట నచ్చింది, దానికి బ్యాటరీ వేయిస్తాను. ఈఎంఐ, డాలస్ సంగతి ఎవరైనా చెప్పగలరా? ల్యాప్‌టాప్ కాపీ సమస్య కూడా.

లెక్కల_పద్దు

ఈఎంఐ: "నో కాస్ట్" అన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది. అంత మొత్తం ధరలో ముందే తగ్గిస్తారు, అంతే తేడా. క్రెడిట్ కార్డు ఈఎంఐలో ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. 16 శాతం వడ్డీ, 12 నెలలు అనుకుంటే ₹82,900 ఫోన్ మీద వడ్డీ సుమారు ₹6,760, దాని మీద జీఎస్టీ ₹1,217. ₹1,34,900 మీద వడ్డీ ₹11,000, జీఎస్టీ ₹1,980. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. చాలా కార్డుల్లో ఈఎంఐ లావాదేవీలకి రివార్డు పాయింట్లు కూడా రావు, మీ కార్డు నిబంధన చదవండి. ఒకేసారి కట్టేవాళ్లకి ఇచ్చే డిస్కౌంట్, ఈఎంఐ డిస్కౌంట్ రెండూ బిల్లు మీద వేయించి పోల్చుకోండి. సొంత వ్యాపారానికి జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు ఆ నంబరు మీదే అడగండి. ₹1,34,900లో జీఎస్టీయే ₹20,578.

డాలస్: అక్కడ 17 ప్రో విడుదల ధర 1,099 డాలర్లు, పైన టెక్సాస్ సేల్స్ టాక్స్. ఆ ఫోన్‌కి సిమ్ ట్రే ఉండదు, పూర్తిగా ఈ-సిమ్. ఎప్పుడైనా ఫోన్ పాడై రాత్రికి రాత్రి సిమ్ తీసి పాత ఫోన్‌లో వేద్దామంటే కుదరదు. ఓటీపీల మీద బతికే మనకి అది చిన్న విషయం కాదు. అయినా తెప్పించుకుంటే అన్‌లాక్డ్ ఫోనే, పూర్తి డబ్బు కట్టి కొనమనండి. వాయిదాల్లో అక్కడి క్యారియర్ ఇచ్చేది లాక్ అయి ఉంటుంది. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళితే క్యారియర్ లాక్ ఎదురుగా "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉండాలి. విమానం ఎక్కకముందే ఆ స్క్రీన్‌షాట్ పంపమనండి.

ఎస్పీ రోడ్డులోనో నేషనల్ మార్కెట్‌లోనో వాడిన ప్రో దొరుకుతుందని ఎవరైనా చెబితే, డబ్బు ఇచ్చేముందు *#06# కొట్టి ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) చూడండి. KYM అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపండి. బ్లాక్ లిస్టులో ఉంటే అక్కడే తేలిపోతుంది.

మారే రోజు గురించి. సిమ్‌ని ఈ-సిమ్‌గా మార్చుకుంటే లేదా కొత్త సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి, అంటే ఓటీపీలు రావు. కొత్త ఫోన్‌లో యూపీఐ రిజిస్టర్ చేశాక కూడా మొదట్లో ₹5,000 పరిమితి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 24 గంటలు, కొన్ని బ్యాంకుల్లో ఐఫోన్‌కి 72 గంటలు. స్కూల్ ఫీజు, అద్దె కట్టే తేదీల్లో ఫోన్ మార్చకండి. ఉన్న ప్లాస్టిక్ సిమ్ తీసి కొత్తదాంట్లో వేస్తే ఎస్ఎంఎస్ గొడవ రాదు, యూపీఐ పరిమితి మాత్రం ఎటూ తప్పదు.

కేబుల్_కథ

ల్యాప్‌టాప్ కాపీ సగంలో ఆగడానికి కారణం ఫోన్ మోడల్ కాదు. ఐఫోన్ వీడియోలని హెచ్ఈవీసీలో (తక్కువ చోటు పట్టే కొత్త ఫార్మాట్) దాచుకుంటుంది. విండోస్‌కి ఎక్కిస్తున్నప్పుడు వాటిని అప్పటికప్పుడు పాత ఫార్మాట్‌లోకి మార్చడానికి ప్రయత్నిస్తుంది. పెద్ద ఫైల్ దగ్గర మార్పిడి ఆలస్యమై విండోస్ "డివైస్ పనిచేయడం లేదు" అంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, ఫోటోస్ తెరిచి అట్టడుగున "ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ" దగ్గర ఆటోమేటిక్ తీసేసి "కీప్ ఒరిజినల్స్" పెట్టండి. ఈ రోజే మీ 13లో చేసి చూడండి.

వేగం సంగతి. 17లో యూఎస్‌బీ 2 వేగమే, సెకనుకి 480 మెగాబిట్లు. నిజంగా వచ్చేది 35-40 ఎంబీ. 4కె 30 ఫ్రేముల వీడియో నిమిషానికి 170 ఎంబీ, 60 ఫ్రేములైతే 400. రెండు గంటల ప్రోగ్రామ్ 30 ఫ్రేముల్లో తీస్తే 20 జీబీ, కాపీకి పది నిమిషాలు. ప్రోలో 10 గిగాబిట్లు, అదే పని ఒక నిమిషంలో అవుతుంది. కానీ ప్రో పెట్టెలో ఇచ్చే కేబుల్ కూడా యూఎస్‌బీ 2 దే! 10 గిగాబిట్ల కేబుల్ విడిగా కొనాలి, ల్యాప్‌టాప్ పోర్టు కూడా అంత వేగం ఇచ్చేదై ఉండాలి. నెలకోసారి పది నిమిషాల కోసం ప్రో కొనక్కర్లేదు.

లెన్స్_లెక్కలు

140కి 96 అంటే మాట మారింది. దాదాపు 70 శాతం ఫోటోలు మీరు లేని కటకంతో తీస్తున్నారు. ముందుకి జరగడం కుదరదు, మూడిట్లో రెండు మంచి లైటింగ్ ఉన్న హాళ్లు. మీకు ప్రోనే పనికొస్తుంది. ఇందాక మామూలు 17 వైపు మొగ్గి రాసింది ర్యామ్, అప్‌డేట్స్ లెక్కకే. అది ఇప్పటికీ అంతే. మీరు ప్రో కొంటున్నది ఒక్క కటకం కోసం, అంతవరకే అనుకుని కొనండి. 256 చాలు. ప్రోరెస్ జోలికి వెళ్లకండి, 4కె 30లో నిమిషానికి 6 జీబీ మింగుతుంది. స్కూల్ గ్రౌండ్ రాత్రి ప్రోగ్రామ్‌కి అద్భుతాలు ఆశించొద్దు.

డబ్బు కట్టేముందు హెబ్బాళ్ ఫీనిక్స్ మాల్ ఆఫ్ ఏషియాలోని ఆపిల్ స్టోర్‌కి గానీ, డెమో ఫోన్లు పెట్టిన ఏ దుకాణానికైనా గానీ వెళ్లి పది నిమిషాలు ఈ పని చేయండి. రెండు మోడళ్లూ పక్కపక్కన పెట్టుకుని, 20 మీటర్లు అంటే నడిస్తే సుమారు 28 అంగల దూరంలో నిలబడ్డ ఎవరైనా తెలిసినవాళ్ల ముఖాన్ని 17లో 2ఎక్స్, 5ఎక్స్, ప్రోలో 4ఎక్స్, 8ఎక్స్ తీయండి. వేళ్లతో లాగి కళ్ల దగ్గర చూడండి. తర్వాత రెండు ఫోన్లూ ఒక్కో చేత్తో రెండు నిమిషాలు తల ఎత్తున పట్టుకోండి. 17 బరువు 177 గ్రాములు, ప్రో 205 దాకా. ఆరు నిమిషాల జతిస్వరం మొత్తం ఎత్తి పట్టుకోవాలి కదా, మణికట్టుకి ఆ తేడా తెలుస్తుంది.

ఆపైన ప్రోని టేబుల్ కింది నీడలోకి తిప్పి 4ఎక్స్‌లో ఫోటో తీసి, పైకి తోసి చూడండి. టెలిఫోటో కెమెరా, 100 మి.మీ. అని ఉంటే అసలు కటకమే పనిచేసింది. మెయిన్ కెమెరా అని ఉంటే కత్తిరించిన బొమ్మ. ప్రోగ్రామ్ హాల్లో కూడా తెర లేవకముందే ఇలా ఒకటి తీసి చూసుకోండి. అక్కడ మెయిన్ కెమెరా అని వస్తుంటే ఆ రోజుకి 2ఎక్స్‌లోనే తీసి తర్వాత కత్తిరించుకోవడం మేలు.

వీడియోకి రెండు సెట్టింగులు. కెమెరా సెట్టింగ్స్, రికార్డ్ వీడియోలో "లాక్ కెమెరా" ఆన్ చేయండి, లేకపోతే లైట్లు మారినప్పుడల్లా కటకాలు మారి బొమ్మ ఎగిరిపడుతుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు పాప ముఖం మీద వేలు నొక్కిపట్టి, పసుపు గుర్తు వచ్చాక పక్కనున్న సూర్యుడి బొమ్మని కొంచెం కిందికి లాగండి. చుట్టూ చీకటి ఉండేసరికి ఫోన్ వెలుగు పెంచేస్తుంది, స్పాట్‌లైట్‌లో ముఖం తెల్లగా పాలిపోతుంది. అర మెట్టు తగ్గిస్తే పాపిడిబిళ్ల రాళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి.